బొంతల గది

తన రాక్ పాటల రికార్డింగు కోసం బయటి చప్పుడు రాకుండా భార్య పడగ్గది గోడలకు కట్టుకున్న బొంతలను ఆయన ఒక్కొక్కటే పీకేస్తున్నాడు. ఆమె మాత్రం ఒళ్లోని గిటారు దించలేదు.

"'వంట లేదు, పిల్లకి స్నానం లేదు' అని నేనరిచింది పాటలో పెడతావా? నువ్వు నెట్‌లో పెట్టిన ఆ పాట విని ఆఫీసులో అందరూ నా గొంతు గుర్తుపట్టేశారు. పరువు బజారున పడేశావ్!"

"రికార్డింగు జరుగుతోందని తలుపుకి కాయితం అంటించాను. తోసుకొచ్చింది నువ్వు."

"నా ఇంట్లో నాకు కాయితాలా?"

"వారమంతా ల్యాబులో నిలబడి, ఇంటికొచ్చి నీకూ పిల్లకీ వండి, ఆదివారం రెండు గంటలు అడిగాను. అంతేగా!"

"ఇవాళే నా అరుపు తీసేయ్."

"తీసి చూశాం, పాట చప్పబడింది. మా డ్రమ్మరైనా తాళం తప్పాడు గానీ, నీ తిట్లు ఒక్కచోటా తప్పలేదు. ఏడేళ్ల సాధన మరి!"