వాన పడలేదని అనని బావ

నేను గడియారాలు బాగుచేసేవాణ్ని. వయసు డెబ్బై రెండు. కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది, ఎడమకంటికి ఇంకా కాలేదు. ఈ సంగతి కేసుకు అవసరం గనక ముందే చెబుతున్నాను. బడి చదువు లేదు. పాత పేపర్లు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నాను. ఆ కథ వద్దని ఇన్‌స్పెక్టరుగారు అన్నారు.

నా దుకాణం పక్కనే మా చెల్లెలి భర్త టైలరు దుకాణం. నేను ఆయన్ని బావా అంటాను, ఆయనా నన్ను బావా అంటాడు. కొత్త చొక్కాలు తొడిగి అద్దాల వెనక నిలబెట్టడానికి ఈమధ్య ఒక మరమనిషిని చేయించాడు. వేరేవాళ్ల మొహం పెడితే వాళ్ల అనుమతి కావాలట, అందుకని తన మొహమే పెట్టించాడు. అది తల ఊపుతుంది, "ఊ" అంటుంది. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. దాని చోటు అద్దాల వెనక, బావ చోటు మిషను ముందు. నా చూపుకి మనుషుల్ని చోటును బట్టి పోల్చుకోవడమే సులువు.

నిన్న సాయంత్రం నా దుకాణం కట్టేసి వెళ్లేసరికి మిషను ముందు, మెడలో టేపుతో, బావ కూర్చుని ఉన్నాడు. గంటస్తంభం గడియారాన్ని హోరువానలో నిచ్చెనెక్కి నేను బాగుచేసిన కథ మొదలుపెట్టాను. ఎప్పుడు చెప్పినా బావ, "ఆ రోజు వాన పడలేదు బావా" అని అడ్డు తగులుతాడు. నిన్న తగల్లేదు. నిచ్చెన దగ్గర ఊ అన్నాడు, వాన దగ్గరా ఊ అన్నాడు. ఇన్నాళ్లకు దారిలో పడ్డాడనుకుని ఒక పిడుగు కూడా కలిపాను. దానికీ ఊ అన్నాడు.

పిడుగు తర్వాత ఊ ఆగిపోయింది. తల వాలిపోయింది. చెయ్యి పట్టుకున్నాను. పట్టుకుని ఉండగానే చల్లబడింది. పిలిచాను. మళ్లీ పిలిచాను. "సరే, వాన పడలేదులే బావా" అని కూడా అన్నాను.

చెల్లెలికి ఫోను చేస్తే ఎత్తలేదు. ఎత్తినా ఏం చెప్పాలో నాకు తెలియదు. పళ్లబండి అతన్ని బతిమాలి, ఇద్దరం మోసి బండి మీద పడుకోబెట్టాం.

"మీ బావ ఇంత బరువేంటి తాతా?" అన్నాడు.

"కూర్చుని చేసే పని బాబూ" అన్నాను.

ఏడుస్తూ ఆస్పత్రి దాకా తోశాను. డాక్టరమ్మ గుండె మీద గొట్టం పెట్టింది. చొక్కా ఎత్తి చూసింది.

"తాతగారూ, ఈయనకి కావాల్సింది నేను కాదు, ఛార్జరు" అంది.

అప్పుడే గేటు దగ్గర బావ గొంతు వినబడింది. "అదిగో, నా బొమ్మని ఎత్తుకొచ్చింది ఈయనే" అంటున్నాడు. అప్పటికే దొంగతనమని ఈ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి, బండి పోయిన దారి వాకబు చేసుకుంటూ బావా చెల్లెలూ వచ్చారట. నేను వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాను. చెమటగా ఉంది. వదల్లేదు.

"నీ గంటస్తంభం కథ వినలేక దాన్ని కూర్చోబెట్టి సినిమాకి పోయాం అన్నయ్యా" అంది చెల్లెలు. "ఊ అనడం దానికి వచ్చు కదా అని."

"మంచిపని చేశారమ్మా" అన్నాను.

నామీద దొంగతనం రాసుకున్నా నాకు చింత లేదు. నిన్న రాత్రి హాయిగా నిద్రపట్టింది.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, ఎవరి బలవంతమూ లేదు. చదువుతుండగా బల్ల పక్కన నిలబడ్డ బావ అడ్డు తగిలి, "ఆ రోజు వాన పడలేదు సార్, అది కూడా రాసుకోండి" అన్నాడు.

రాసుకోండి. ఇంకోసారి కూడా అనమనండి.

(సంతకం)
గడియారాల తాత