వెసెల్, కామా, ప్రెషర్

హలో… ఆ, నేనే. లీలనే, బావగారూ. దుకాణంలో ఇంకెవరుంటారు?

…ఆర్డర్లా? అబ్బో, అడక్కండి. మన వెబ్‌సైటు దెబ్బకి కద్మా బజారంతా కిక్కిరిసిపోయింది…

సంబరపడిపోకండి. ఒక్కటీ రాలేదు.

ధన్‌తేరస్ పూట, బావగారూ! ఊరంతా గిన్నో గరిటో కొనందే ఇంటికెళ్ళని రోజు. మన సైట్లోకీ జనం వత్తన్నారు, ఏదో అడుగుతన్నారు, వెళ్ళిపోతన్నారు. తలుపు మూసిన గుడికొచ్చినట్టు.

…ఏటీ? జనానికి వెతకడం రాదా? సరే. కట్టింది మీరు, మీకొచ్చు కదా. బారిడీహ్‌లో మీ ఇంట్లో మీ ముందు కంప్యూటరుంది కదా. 'కుక్కర్' అని కొట్టండి.

…

ఏటొచ్చింది?… చదవండి, సిగ్గెందుకు… 'ఇటువంటి మెటీరియల్ లేదు.' భేష్! నా వెనక అరల్నిండా కుక్కర్లే. మీ పెట్టెలో మాత్రం లేనే లేవు.

మరెలా అడగాల?… 'వెసెల్, కామా, ప్రెషర్, కామా, అల్యూమినియం.'

ఓహో. ఇది మీ ప్లాంటు స్టోర్సు పద్ధతి కదా. బోల్టుకీ బేరింగుకీ పెట్టే పేర్లు. పొద్దున్నే అక్కనీ ఇలాగే అడుగుతారా? 'కల్పనా, లిక్విడ్, కామా, హాట్, కామా, విత్ షుగర్'?… మరి టీ వత్తందా?

…ఖచ్చితంగా ఉండాలా? బావగారూ, ప్లాంటులో చీటీ తప్పు రాసినోణ్ణి మీరు తిప్పి పంపుతారు. వాడు మళ్ళీ వత్తాడు, పాపం, వాడికింకో స్టోర్సు లేదు. నా దగ్గరికొచ్చినోళ్ళకి సాక్చీ బజారుంది, బిష్టుపూర్ బజారుంది.

పోనీ, మీరు డ్యూటీకి రోజూ అన్నం పెట్టుకుని పట్టుకెళ్తారే, దాన్నేటంటారు?… 'డబ్బా'. కొట్టండి…

లేదా? అయ్యో. మరి రోజూ ఏటి తింటన్నారు, కామాలా?

…నవ్వులాట కాదు. వినండి. మామయ్యగారు ఇత్తడి బిందెలు తెప్పించి నా పక్కనే నించున్నారు. దీపాలెట్టేలోపు ఒక్క ఆర్డరైనా రాకపోతే కంప్యూటరు తీసీసి ఆ జాగాలో బిందెలు పేరుత్తారట. మా ఆయనేమో 'పాపా సహీ బోల్ రహే హైఁ', నాన్న చెప్పిందే రైటు అని ఆయన వైపే. ఏడాది బతిమాలితే ఇచ్చిన జాగా, బావగారూ. ఇంత దుకాణంలో నాదన్నది ఆ మూరెడే.

…

అక్కనివ్వండి.

అక్కా! నీకు కొత్త కుక్కర్ కావాలన్నావు కదా… కొనీసావా? ఎక్కడ?… సాక్చీలోనా!

…మన సైట్లోనే ముందడిగావా… లేదన్నాదా… లేదంటే లేదనుకున్నావు. ఊఁ.

కాదులే, నీ తప్పేటుంది. బావగారు వింటన్నారా? ముఖం ఎలాగుంది?… అలాగే ఉండనీ.

ఇప్పుడు ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చో. సైట్లో ఒక్కో గిన్నె బొమ్మా చూడు. వంటింట్లో దాన్ని ఏటని పిలుత్తావో అది చెప్పు. మన మాట ఒకటి, హిందీ మాట ఒకటి, మీ పక్కింటి ఒడియా ఆవిడ అనేది ఇంకొకటి. ఆయన కామాలు పీకీసి అన్నీ ఎక్కిత్తారు. ఎవరే పేరుతో పిలిచినా ఆ గిన్నె పలకాల. సరిగ్గా అదే లేకపోతే, 'లేదు' అని తలుపెయ్యకుండా దాని చుట్టాన్నైనా చూపించాల.

ముందు కుక్కర్… ఆ, ఉంటాను…

…

వచ్చిందా? బావగారేనా అరుత్తన్నది? ఒక్క కుక్కరుకే అంత కేకలా! ఇంకా గరిటెలున్నాయని చెప్పు.

…ఏటి బావగారూ? ఆర్డరొచ్చిందో లేదో చూడాలా? ఎలా చూడను? మీ ఇంట్లోలా రెండు లైన్లు లేవు, దుకాణానికి ఒకటే. మీరు ఫోన్లో ఉన్నంతసేపూ నాకు నెట్టు రాదు, నేను నెట్లో ఉన్నంతసేపూ ఫోను మోగదు. ఆ ఏర్పాటూ తమరిదే.

మామయ్యగారూ! బిందె కింద పెట్టండి… కీబోర్డు మీద కాదండీ!

పెట్టేత్తన్నాను, బావగారూ… ఫలితం ఎలా తెలుత్తాదా? దీపాలెట్టాక ఇక్కడికి ఫోన్ చెయ్యండి. ఎంగేజ్ వత్తే నా కంప్యూటరు బతికున్నట్టు.

మోగిందా… ఎత్తేది మామయ్యగారు.