నూనె వచ్చేదాకా తాళం ఇవ్వని మహిపాల్‌కు

సభకు పెద్దగా కూర్చున్న మెకానిక్కుల సంఘం రామ్మోహనరావు గారికి, మన అమీర్‌పేట గల్లీ షాపుల వాళ్లకు, ఇవాళ్టితో గ్యారేజీ పని మానుకుంటున్న మహిపాల్‌కు లచ్చమ్మ దండాలు. నాకు చదువు రాదు. నేను చెప్పగా నా కోడలు నవీన రాసింది, ఆమే చదువుతుంది. ఒక్క మాట మింగినా నేను పక్కనే ఉన్నాను. (నవ్వులు)

ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల ఆడపిల్లల్ని ఆఫీసులకు దింపే నవీన కారే మా ఇంటికి తిండి పెడుతుంది. రెండేళ్ల కిందట ఆ డీజిల్ బండి ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో పోతే, పంజాగుట్టలో ఒకాయన దాన్ని బాగు చేయించి బిగించి, నేను పెట్టించిన ముహూర్తానికే స్టార్ట్ చేసి, నిమ్మకాయలు తొక్కించి, ఝుమ్మని రేజ్ చేసి మరీ ఇచ్చాడు. వారం తిరక్కుండానే అది ఈలేసి, ఫ్లైఓవర్ మీద పొగ కక్కి ఆగిపోయింది.

బండిని మన గల్లీకి లాగించుకొస్తే, మహిపాల్ విప్పి, టర్బోకు నూనె తెచ్చే సన్న పైపును నా కళ్ల ముందు పెట్టాడు. లోపలంతా గట్టిపడిన మసి.

"పాత పైపే మళ్ల బిగించిండ్రక్కా. నూనె అందకుంట గంత జోరుగ తిరిగితే అదేం బతుకుతది?"

టర్బోను మళ్లీ బాగు చేయించి, కొత్త పైపు, కొత్త ఫిల్టరు, కొత్త నూనె వేశాడు. టర్బో లోపల కూడా చేత్తో నూనె పోశాడు. నేనేమో పంతులు చెప్పిన ఘడియకు నిమ్మకాయలు పట్టుకుని సిద్ధం. డీజిల్ అందకుండా ఆపి, ఇంజన్ అంటుకోకుండా ఆయన దగ్గర పని నేర్చుకున్న ఈ రాకేశ్ కొంచెం కొంచెంగా సెల్ఫ్ కొడుతుంటే, మహిపాలేమో బండి కింద పడుకుని, టర్బోలోంచి నూనె తిరిగొచ్చే పైపు విప్పి, నూనె వస్తోందా అని చూస్తున్నాడు.

"రాహుకాలం వస్తున్నది, తాళం ఇయ్యి."

"నూనె రాలే."

"ముహూర్తం పోతున్నది."

"ముహూర్తం నీది, టర్బో నాది. జర కూసో అక్కా." (నవ్వులు)

నవ్వకండి, నేను తిట్టిన తిట్లు నవీన రాయలేదు. నూనె ఆయన అరచేతిలో పడేసరికి రాహుకాలం నడుస్తోంది. అందులోనే స్టార్ట్ చేసి, రేజ్ చేయకుండా నెమ్మదిగా తిరగనిచ్చి, అప్పుడిచ్చాడు. మొదటిసారి టర్బో పోయింది నా ముహూర్తం వల్లనని ఇప్పటికీ ఒప్పుకోను, పైపుదే తప్పు. కానీ మహిపాల్, ఆ రోజు నువ్వు నా నోటికి జడిసి ఉంటే, ఈ పిల్ల ఇవాళ సొంత బండి అమ్ముకుని ఇంకొకరి బండి తోలుతుండేది. అందుకు నీకు చేతులెత్తి మొక్కుతున్నాను.

(లచ్చమ్మ లేచి ముందుకొచ్చింది.) నవీనా, జర ఆగు, ఇది నేనే అడుగుత. రాకేశ్, రేపటి సంది షాపు నీది. గిరాకి తొందర పెడితే తాళం ఇస్తవా?

(రాకేశ్ లేచి: "నూనె వచ్చినంకనే పెద్దమ్మా.")

నేనొచ్చి కొట్లాడితే?

(రాకేశ్ మహిపాల్ వైపు చూశాడు.)

గాయన దిక్కు చూడకు. రేపు గాయన ఉండడు. నువ్వే చెప్పు.

(రాకేశ్: "నువ్వొచ్చినా ఇయ్య.")

గట్లుండాలె. మహిపాల్, ఇగ నువ్వు ఫికర్ లేకుంట ఇంటికి పో. నా మాట విన్న అందరికీ దండాలు. సెలవు.