లచ్చయ్య పారిపోలేదు

అమ్మలారా, అయ్యలారా, నాతో పాటు యూనిఫాం వేసుకున్న అన్నలారా, తమ్ముళ్లారా. మేజర్ సారు సతీమణి, మా గంగుబాయి వదినా.

ఇంత వానలో కూడా మంచిర్యాల నుంచి, కరీంనగర్ నుంచి బస్సులు పట్టుకుని మన లక్సెట్టిపేటకు వచ్చారు. కుర్చీలు చాలక గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఎవరి కోసం? మేజర్ ఆడెపు అంబదాస్ గారి కోసం. పన్నెండు రోజుల కిందటి వరకు ఆయన మన మధ్యే ఉన్నారు. ఇవాళ ఫోటోకు దండ వేసి మాట్లాడుకుంటున్నాం. నాకు సభల్లో మాట్లాడడం రాదు. కానీ ఈ రోజు కూడా నోరు మూసుకుంటే నేను మనిషినే కాను.

నా ముందు మాట్లాడిన పెద్దలు ఆయన్ను దేవుడన్నారు. సారు వింటే మైకు లాక్కునేవారు. దేవుడేమిటి? నేత నేసే ఇంట్లో పుట్టారు. సైన్యంలో గుమాస్తాగా చేరి, పరీక్షలు రాసి రాసి ఆఫీసరయ్యారు. మా రెజిమెంటు రికార్డు ఆఫీసులో వేలమంది జవాన్ల కాగితాలు చూసేవారు. ఎవరికి పెళ్లయింది, ఎవరికి బిడ్డ పుట్టింది, ఎవరు చనిపోయారు, ఆ కబురు ఏ గడపకు పోవాలి. ఇదే ఆయన కొలువు.

నేను హవల్దార్ అంజన్నను. నా పెళ్లయిన కొత్తలో భార్య పేరు రికార్డులో ఎక్కించమని కాగితం పంపితే సారు తిప్పి పంపారు. ఎందుకు? మా అత్తగారి ఊరి అడ్రసు రాయలేదట! నాకు ఒళ్లు మండింది. సెలవులో పోతూ పోతూ ఆఫీసుకే వెళ్లి అడిగాను. ఆయన కళ్లద్దాలు తీసి అన్నారు: "అరే అంజన్నా, నీకేమన్న అయితే కబురు మీ బాపుకు పోతది. గప్పుడు నీ పెండ్లాం పుట్టింటికాడ ఉంటె? ఆమెకు బాటెంబడి పోయెటోడు చెప్పాల్నా?" ఒక్క అడ్రసు కోసం నన్ను అంత సతాయించిన మనిషి ఆయన.

అటువంటి మనిషి ఒక ఫైలును ఒక్క రోజులో దాటించారు. అది లచ్చయ్య ఫైలు.

లచ్చయ్య ఎవరో ఇక్కడ చాలామందికి తెలుసు. ముందు వరుసలో కూర్చున్న చంద్రవ్వ కొడుకు. ఆమె పక్కనున్న రమ భర్త. నా కంపెనీ జవాను, పక్క మంచం వాడు. రెండు వేల మూడు అక్టోబరులో ఇరవై రోజుల సెలవు మీద ఇంటికి బయలుదేరాడు. ఇల్లు చేరలేదు, తిరిగి డ్యూటీకీ రాలేదు. గడువు దాటాక విచారణ పెట్టారు. చివరిసారి అతనితో మాట్లాడింది ఎవరు? నేను. పోయేటప్పుడు ఏమన్నాడు అని అడిగారు. "ఇగ మల్ల రాను" అన్నాడని చెప్పాను.

అన్నలారా, మీరంతా ఫౌజులో చేసినవాళ్లే. చెప్పండి. సెలవు చీటీ చేతికి రాగానే ఆ మాట అనని జవాను ఉన్నాడా? పెట్టె భుజాన వేసుకుని, నవ్వుకుంటూ, "ఇగ రాపో, మీరే ఏలుకోండ్రి" అని మనమంతా అనలేదా? లచ్చయ్య కూడా నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు సంగతి నేను చెప్పలేదు. వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. అడిగినదానికి జవాబిచ్చి సెల్యూట్ కొట్టి బయటికొస్తే నాకు పీడా పోతుందనుకున్నాను. ఆ వారంలోనే నా ప్రమోషన్ కాగితాలు నడుస్తున్నాయి. ఛీ, నా బతుకు!

ఆ మాట ఆధారంగా లచ్చయ్య పారిపోయాడని తేల్చారు. పట్టుకోమని ఇక్కడి పోలీసులకు రాశారు. వాళ్లు చంద్రవ్వ ఇంట్లో వడ్ల గుమ్మి కూడా వదలకుండా వెతికారు. రమ తడిపి పెట్టుకున్న బీడీ ఆకు వాకిట్లో పారబోశారు. అప్పటినుంచి ఆ ఇంటికి పారిపోయినోని ఇల్లు అని పేరు పడింది. రమను పేరంటానికి పిలవాలా వద్దా అని ఆడవాళ్లు తర్జనభర్జన పడేవారు. భర్త ఉన్నాడా అంటే లేడు. పోయాడా అంటే పోలేదు. మరి ఆ పిల్ల ఏ లెక్కలోకి రావాలి?

సారు రిటైరై ఈ ఊరు వచ్చాక తన ఇంటి అరుగు మీద బల్ల వేసుకుని మాజీ సైనికుల కాగితాలు చూడడం మీకందరికీ తెలుసు. తొమ్మిదేళ్ల కింద ఒక పొద్దున చంద్రవ్వ ఆ బల్ల దగ్గరకు వచ్చింది. కొంగున కట్టుకున్న పాత నోటీసు తీసి ముందు పెట్టింది. "నా కొడుకు బతికుంటె ఒక్కపారన్న రాడా సారూ?" అని అడిగింది. సారు నోటీసు చూశారు. నోటీసు కింద ఉన్న సంతకం చూశారు. మీలో ఎవరైనా అయితే ఏం చేసేవారు? నేనైతే కాగితం మడిచి, చూద్దాం పో అవ్వా అనేవాణ్ణి.

సారు లేచి నిలబడ్డారట. "చంద్రవ్వా, గీ సంతకం నాదే. ఇంకో రెండు మాటలు అడిగి చెయ్యాల్సింది. అడగలే" అన్నారు. ఆ తల్లి నోటీసు తీసుకుని వెళ్లిపోయింది. మర్నాడు సారే వాళ్లింటికి వెళ్లారు. మంచినీళ్లు ఇవ్వలేదు. మళ్లీ వెళ్లారు. నాలుగోసారికి పీట వేశారు.

తర్వాత నా ఇంటికి వచ్చారు. నవ్వు సంగతి ఆ రోజు మొదటిసారి బయటపెట్టాను. తిడతారనుకున్నాను. "నువ్వు సగం చెప్పినవు, నేను సగమే సదివిన. ఇగ మిగిలింది ఎతుకుదాం పా" అన్నారు. మోకాళ్ల నొప్పులతో, లచ్చయ్య ఇంటికి రావలసిన రైలుదారి పొడుగునా స్టేషన్ స్టేషన్‌లో దిగారు. గుర్తు తెలియని శవాల రిజిస్టరు చూపించమని అడుక్కున్నారు. కసురుకున్నవాళ్లున్నారు, కుర్చీ వేసినవాళ్లున్నారు. నేను రెండుసార్లు తోడు వెళ్లాను, మూడోసారి నడుం నొప్పి అన్నాను. ఆయన మాత్రం నాలుగేళ్లు తిరిగారు. చివరికి మహారాష్ట్ర వైపు ఒక రైల్వే పోలీసు ఠాణాలో, చెదలు తిన్న రిజిస్టరులో ఒక ఫోటో దొరికింది. రైలు నుంచి జారిపడిన మనిషి. సెలవు మీద బయలుదేరిన రెండో రోజు తేదీ. ఎడమ చేతి మీద లచ్చయ్యకున్న చిన్నప్పటి కాలిన మచ్చే.

చంద్రవ్వ ఆ ఫోటోను ఎంతసేపు చూసిందో! చివరికి, "ఎంత బక్కగైండే నా కొడుకు" అన్నది. పోలీసులు ఆమె ఇంట్లో వెతుకుతున్న రోజుకే అతను మట్టిలో ఉన్నాడు. తర్వాత దినాలు చేశారు. వచ్చింది ఏడుగురు. అందులో సారు ఉన్నారు. నేను లేను.

ఫోటో దొరికినా పారిపోయాడన్న ముద్ర చెరిగిపోదు కదా. దాన్ని కొట్టివేయమని సారు ఢిల్లీకి అర్జీ పెట్టారు. మొదటి వాక్యమే, ఈ పొరపాటు నాది అని. పాత సాక్షి కొత్త వాంగ్మూలం కావాలని ఎనిమిది నెలల కింద జవాబొచ్చింది. ఆ సాక్షిని నేనే. సారు కాగితం టైపు చేయించి ఇచ్చారు. నేను సంతకం చేయలేదు. అప్పుడెందుకు దాచావంటారేమో, పింఛను ఆపుతారేమో, ఊళ్లో ముఖం చెల్లదేమో. రేపు, ఎల్లుండి అంటూ బీరువాలో పెట్టాను.

సారు కరీంనగర్ ఆస్పత్రిలో ఉన్నప్పుడు చూడబోయాను. మాట సరిగా రావడం లేదు. "అంజన్నా, చేసినవా?" అన్నారు. "రేపు సారూ" అన్నాను. తెల్లారి ఆయన లేరు.

నన్ను క్షమించమని అడగడానికి ఆ మనిషి లేడు. వదినా, ఆయన ఎదురుచూసిన కాగితం ఇది. ఇవాళ పొద్దున నోటరీ ముందు సంతకం చేశాను. అందులో ఉన్నది మీ అందరి ముందూ చెబుతున్నాను. లచ్చయ్య మళ్లీ రాను అన్నప్పుడు నవ్వుతున్నాడు. అది మేమందరం అనే మాట. ఆ సంగతి తెలిసి కూడా నేను దాచాను. లచ్చయ్య పారిపోలేదు. ఇంటికొస్తూ చనిపోయాడు. రేపు ఈ కాగితం పోస్టులో పోతుంది. ఢిల్లీ నుంచి ఏ జవాబు వస్తుందో, ఎన్నాళ్లకు వస్తుందో నాకు తెలియదు.

ఇప్పుడు సారు కోసం ఒక నిమిషం మౌనం పాటిద్దాం. ఆ వెంటనే ఇంకో నిమిషం లచ్చయ్య కోసం. ఒక జవాను చనిపోతే దక్కవలసిన ఆ ఒక్క నిమిషం అతనికి ఇరవై రెండేళ్లుగా ఎవ్వరం ఇవ్వలేదు.

చంద్రవ్వా, నువ్వు లేవకు. రమా, నువ్వు కూడా కూర్చో బిడ్డా. మీ ముందు నిలబడవలసినవాళ్లం మేము.

మిగతా అందరూ దయచేసి లేవండి.