ఎడంపక్క ఎనుములొస్తాండాయి మామా

గుర్రప్ప ఉండాడు కదా, మన పడమటి వీధి గుర్రప్ప, తెల్ల టెంపో గుర్రప్ప, ఆయప్ప కత అడిగితిరి కాబట్టి చెప్తాండా. ఒలవండి ఒలవండి, చేతులాపద్దండి, విత్తనం చెనక్కాయలు రేపటికి కావాల. నోరు నాది, చేతులు మీవి. ఆ గుర్రప్ప ముప్పై ఏండ్లు టెంపో తోలినాడంట అనుకో, అంట ఏందిలే, నేనే ఎక్కినా కదా, ఆకుకూర గంప నెత్తిన పెట్టుకొని పద్దెనిమిదేండ్లు ఎక్కినా. పొద్దన్నే ఏడుమందిమి ఆడోళ్లం ఎనక, గంపలు మా ఒళ్లో. ముందర గుర్రప్ప, ఆయప్పకు ఎడంపక్క సీట్లో పెండ్లాం ఓబులమ్మ. క్లీనరు ఆమే, చార్జీ వసూలు చేసేది ఆమే, టైరు కింద రాయి పెట్టేదీ ఆమే. గుర్రప్పను నేను అన్నా అంటా, ఆమె నాకు వదిన. వదినంటే తెలుసు కదా, ఎగతాళి చేసేదానికి రాసిచ్చిన మనిషి.

ఆ ఓబులమ్మ నోరుండాదే, అది ఊరుకునే నోరు కాదు తల్లీ. బండి కదిలిందంటే చాలు, "మామా, ఎడంపక్క ఎనుములొస్తాండాయి. మామా, ఎడంపక్క సైకిలప్ప పోతాండాడు. మామా, ఎడంపక్క గుంత, రోంత ఇట్లా రా." టౌను చేరేదాకా ఇదే పాట, తిరిగొచ్చేటప్పుడూ ఇదే పాట. కుడిపక్క ఏనుగొచ్చినా పలకదు, అంతా ఎడంపక్కదే. గుర్రప్పకు కోపమొచ్చి, "నోర్మూసుకోవే, నాకు కండ్లు లేవా?" అని అరిచేవాడు. ఆమె రోంతసేపు ఊరుకునేది, మళ్లా "మామా, ఎడంపక్క మేకలు" అనేది. మేము పకపకా నవ్వేది. రేడియో అని పేరు పెట్టింది ఎవరనుకున్నారు, నేనే. రేడియోకైతే చెవి తిప్పితే ఆగుతాది, మా వదినకు చెవి యాడుండాదో మా అన్నక్కూడా తెలీదే అని అంటాంటి. అందరితో పాటు ఆమే నవ్వేది.

ఇంగ ఏమైందంటే, ఆ యేడు ఇన్సూరెన్సు కట్టే నెల వచ్చె. ఏజెంటు వచ్చి, పెద్దాయనా నీకు అరవై నాలుగు దాటె, బండికీ వయసాయె, ఈసారి శానా ఎక్కువైతాది అన్నాడంట. ఎక్కువంటే గుర్రప్ప తలకు మించింది. కట్టకపోతే బండి రోడ్డెక్కకూడదు, బండి రోడ్డెక్కకపోతే వాళ్ల పొయ్యి ఎలగదు, అంతే సంగతి. అయితే ఒక దావ ఉండాదిలే అన్నాడంట ఏజెంటు. టౌనులో వయసైన డ్రైవర్లకు మళ్లా నేర్పిచ్చే క్లాసు పెట్టినారు, రెండు దినాలు, పాసయ్యేది ఫెయిలయ్యేది ఏమీ లేదు, ఊరికే పోయి కూర్చొని వస్తే కాయితం ఇస్తారు, ఆ కాయితం చూపిస్తే ఇన్సూరెన్సు తగ్గిస్తారు అని. గుర్రప్ప నవ్వినాడంట. "ఈ చుట్టుపక్కల టెంపోలు తోలేవాళ్లు సగం మందికి స్టీరింగు పట్టుకునేది నేర్పించింది నేను. నాకు నేర్పిస్తారంటనా?" అన్నాడంట. నవ్వినాడు గాని, తగ్గిస్తారంటే ఎవరికి చేదు? పోతాననె.

ఓబులమ్మ ఒద్దనె. ఒద్దంటే ఊరికే ఒద్దనడం కాదు, నా కమ్మలు అమ్మి కడదాం మామా, క్లాసుకు మాత్రం పోవద్దు అని కూచుండె. రెండు దినాలు పొయ్యి మీద ఎసరు పెట్టలేదంట. మొగుడు చదువుకోవడానికి పోతే ఇంత ఏడుపు ఎందుకో మాకు అర్థం కాలే. గుర్రప్ప నా దగ్గరికొచ్చి, "సుంకులమ్మా, నువ్వన్నా చెప్పు తల్లీ దానికి" అనె. నేను పోయి, "ఏం వదినా, కమ్మలు మోయలేకుండా ఉండావా? రెండు దినాలు అన్న క్లాసులో కూర్చుంటే నీ వాగుడు వినే మనిషి ఉండడనా?" అంటి. ఆమె నన్నొక చూపు చూసింది చూడు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తాది. కడాకు, "సరే పోదాం, నేను కూడా వస్తా" అనె.

మొదటి దినం బెంచీల మీద కూర్చోబెట్టి చెప్పినారు. పదకొండుమంది ముసలి డ్రైవర్లు. నేనూ పోయింటి, ఎందుకంటే నా కూరలమ్ముకొని ఆ బండిలోనే కదా రావాల. సారు మంచోడు, నెమ్మదైన మనిషి, గోడకు బొమ్మలు తగిలించి ఇదేంది అదేంది అని అడిగేవాడు. అన్నీ గుర్రప్పే చెప్పె. సారు, "పెద్దాయనా, రేపట్నుంచి పాఠం మీరే చెప్పండి" అనె. గుర్రప్ప మీసం దువ్వుకొని ఎనక్కు తిరిగి పెండ్లాన్ని చూసె. ఆమె నవ్వలే. గోడవైపు చూస్తా కూచుండె.

రెండో దినం మైదానంలో. రెండు వరసలు కట్టెలు పాతినారు, కట్టెల మీద ఎర్ర టోపీలు, నడుమ కారు పోవాల. సారు దగ్గరొక చిన్న కారుండాది, దానికి సారు వైపు కూడా బ్రేకు ఉండాది. తోలేవాడు ఒకడు, పక్కన సారు, అంతే. ఓబులమ్మ పోయి కారు తలుపు పట్టుకుని, "నేనూ ఎక్కుతా సారూ" అనె. ఒద్దమ్మా, ఒకరే అనె సారు. కారు కదిలె. ఈమె ఏం చేసిందనుకున్నారు? కంచె పట్టుకొని కారుతో పాటే ఉరుకుతా, "మామా, ఎడంపక్క కట్టె! రోంత ఇట్లా రా మామా! ఎడంపక్క!" అని ఒకటే కేకలు. ముసలోళ్లంతా పడీపడీ నవ్విరి. సారు కారు ఆపి, "అమ్మా, ఆయన సొంతంగా తోలాల, ఎవరన్నా ఈమెను బయటికి తీసకపోండి" అనె. గుర్రప్ప మొగం సిగ్గుతో నల్లగైపాయె. "సుంకులమ్మా, దాన్ని తీసకపో తల్లీ, నా పరువు తీస్తాండాది" అనె.

నేనే తీసకపోతి. ఇంకెవరూ కాదు, నేనే. చెయ్యి పట్టుకొని గేటు బయటికి ఈడ్చకపోతి. "ఇడిసిపెట్టు సుంకులా, నీ కాళ్లు మొక్కుతా, ఇడిసిపెట్టు" అంటాది, గింజుకుంటాది. "సిగ్గుండాల వదినా, నలుగురిలో మొగుణ్ని ఇట్లా చేస్తారా" అని నేనే తిట్టి, సోడా కొట్టిచ్చి చేతికిస్తి. ఆమె తాగలే. గోడకు ఆనుకొని నిలబడె. లోపల నుంచి టక్‌మని ఒక చప్పుడు. రోంత ఆగి ఇంకో టక్. మళ్లా టక్. ఓబులమ్మ కండ్లు మూసుకొని, "అన్నీ ఎడంపక్కవే" అనె. గోడ అవతల చూడకుండానే అనె. సోడా ఎండకు ఎచ్చబడతాంటే నేనే తాగేస్తి, ఆ మాట చెప్పుకోవడానికి కూడా నాకు నోరు రావడం లేదు.

లోపలికి పోయి చూస్తే కుడి వరస కట్టెలు పెట్టినవి పెట్టినట్టే ఉండాయి. ఎడం వరస మొత్తం నేలన పడుండాది. గుర్రప్ప కారు దిగి ఎనక్కు తిరిగి చూసి, "ఇవి ఎప్పుడు పడినాయి సారూ?" అంటాండాడు. సారు ఆయప్పను నీడకు తీసకపోయి కుర్చీలో కూచోబెట్టె. ఎదురుగా నిలబడి అరచెయ్యి అడ్డం పెట్టి, "పెద్దాయనా, ఇప్పుడేం కనపడతాండాది?" అని అడిగె. గుర్రప్ప నవ్వి, "రెండు కండ్లూ మూసి ఏం కనపడతాండాదంటే ఏం చెప్పేది సారూ" అనె. సారు, "ఒకటే మూసినా పెద్దాయనా. కుడిదొకటే" అనె.

 గుర్రప్ప తన చేత్తోనే కుడి కన్ను మూసుకొనె, తెరిచె, మళ్లా మూసుకొనె. అట్లా ఎన్నిసార్లు చేసినాడో. తరవాత ఓబులమ్మను పిలిచి, "నీకు తెలుసునా?" అనె. ఆమె తలకాయ ఊపె. "ఎన్నాళ్ల నుంచి?" "ఆరేండ్లు మామా. ఎడంపక్క చెంబు పెడితే తన్నుకుంటాంటివి. నీకు తెలీకుండా రోజురోజూ ఆ కంటి చూపు తగ్గతా వచ్చింది." "ఎందుకు చెప్పలే?" "చెప్తే బండి దిగుతావు. దిగితే నువ్వు బతకవు మామా." గుర్రప్ప ఆమెనే చూసి, "అయితే ఆరేండ్లు బండి తోలింది నువ్వు. నేను నిన్ను తిట్టుకుంటా ఊరికే కూచున్నా" అనె. అట్లా అంటాడని ఎవరనుకుంటారు? కొట్టినా బాగుండునని ఆమె ఆ పొద్దే నాతో చెప్పుకొని ఏడ్చె.

సారు ఏం చేసెనంటే, రెండు దినాలు వచ్చినట్టు కాయితం మీద సంతకం పెట్టిచ్చె, మాట తప్పలే. కానీ లైసెన్సు ఆఫీసుకు రాయక తప్పదు పెద్దాయనా, రేపు ఏ బడిపిల్ల అడ్డమొచ్చినా ఆ పాపం నాదైతాది అనె. ఆయన్ను ఏమనేదానికి లేదు. మా టెంపోను మా ఊరిదాకా తోలకపొమ్మని తన డ్రైవరునిచ్చె. తోలేది ఆ డ్రైవరు, నడుమ గుర్రప్ప, చివర ఓబులమ్మ. వాగు దాటినాక అలవాటు ఊరుకుంటాదా, "ఎడంపక్క ఎనుములొస్తాండాయి" అనె ఓబులమ్మ. ఆ డ్రైవరు, "కనపడతాండాయిలేమ్మా" అనె. అప్పుడు గుర్రప్ప, "ఇంగ చెప్పద్దే. ఇంగెప్పుడూ ఏమీ చెప్పద్దు" అనె.

ఆమె మాట నిలుపుకొనె. ఏం మొగుడూ పెండ్లాలో, మాటంటే మాటే వాళ్లకు. వీధిలో ఎదురుపడినా ఓబులమ్మ నోట మాట లేదు. గుర్రప్ప దావలో నడిస్తే ఎడంపక్క అరుగులు తగిలి మోకాలు పగలగొట్టుకుంటాండాడు, ఆమె ఎనకనే పోతాది, చూస్తాది, చెప్పదు. చెప్పద్దన్నాడు కదా. టెంపో కొట్టంలో నిలబడిపాయె, కోళ్లు దాంట్లో గుడ్లు పెడతాండాయి. కొనేదానికి ఎవరన్నా వస్తే గుర్రప్ప లోపలికి పోయి తలుపేసుకుంటాడు.

నెల తరవాత పోస్టులో కాయితం వచ్చె. బడి అయ్యవారు చదివి చెప్పె, క్లాసుకు పోయినందుకు మీ బండికి ఇన్సూరెన్సు తగ్గించినామని. తగ్గించినారమ్మా! ఉన్నదీ పాయె, ఉంచుకున్నదీ పాయె, తగ్గింపు మాత్రం వచ్చె. ఆ పొద్దు నేను ఆకుకూర ఇద్దామని వాళ్లింటికి పోయింటి. గుర్రప్ప అరుగు మీద కూచొని వీధిలోకి చూస్తాండాడు. ఓబులమ్మ ఆ కాయితం పట్టుకొని పక్కనే నిలబడుండాది, మూరెడు దూరం లేదు. ఎడంపక్కన. ఆమె పిలవదు, ఆయప్పకు కనపడదు. ఎంతసేపు నిలబడిందో, నేను పోయేసరికే ఆమె చేతిలో కాయితం చెమటకు మెత్తబడిపోయుండాది. పిలువు వదినా అని నేనన్నా అనలే. ఇంత నోరు పెట్టుకొని, తోటకూర కట్ట గడప మీద పెట్టి వచ్చేస్తి.

ఇంగేముండాది, అదే కత. సారు చేసింది మంచి పనేనంటారు అందరూ, ఏ బిడ్డకో ఆయుస్సు మిగిలిందంటారు, నేనూ కాదనను. మేము ఏడుమందిమీ ఇప్పుడు గంపలు నెత్తిన పెట్టుకొని నడిచే పోతాండాం. ఆ రేడియోకు చెవి యాడుండాదో తెలీదని నవ్వితి కదా, కడాకు తిప్పింది నేనే. ఒలవండమ్మా, పొద్దు వాలతాండాది, ఇంకా రెండు బుట్టలుండాయి.