వాషింగ్ మిషన్ మీద ఊరు చుట్టిన వైనం

రెండు వేల పద్దెనిమిది, వానాకాలం. ఆ ఏడు మా ఇంట్లోకి వాషింగ్ మిషన్ వచ్చింది. దాని మీదున్న బొమ్మలన్నీ ఎవరి సాయం లేకుండా నేనొక్కణ్ణే చదివాను. నేను చెప్పుకునేది అంతే. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు.

మొన్న టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఈ మాటే అన్నాను. దర్జీ అప్పుడే నవ్వాడు. రాత్రి బడిలో నాకు అక్షరాలు నేర్పిన మాస్టారు గ్లాసులోకి చూసుకున్నారు. టీ కాచే అమ్మాయి గిన్నెలో పంచదార వేసి కలిపింది. అమ్మాయి అంటాను గాని ఆమెకి నలభై దాటాయి. ఆ కొట్టు గోడకి జానెడు పొడుగు బోల్టులు నాలుగు దిగ్గొట్టి ఉంటాయి. గరిటె, జల్లెడ, వడపోత గుడ్డ, మసిగుడ్డ వాటికే వేలాడతాయి. ఆ గోడ వైపు నేను ఎప్పుడూ వీపు పెట్టే కూర్చుంటాను.

నవ్వడం తర్వాత నవ్వుదువు గాని ముందు విను అని దర్జీకి చెప్పి మొదలుపెట్టాను.

మా ఆవిడ సంగతి మీకు తెలియంది కాదు. లాడ్జీలో ఇరవై ఎనిమిదేళ్ళు దుప్పట్లు ఉతికింది. ఉతకడం ఒక ఎత్తు, పిండడం ఒక ఎత్తు. తడిసిన డబల్ దుప్పటి పిండడమంటే దున్నపోతు మెడ వంచడమే. పిండీ పిండీ ఆవిడ మణికట్లు రెండూ వాచిపోయాయి. డాక్టరు చూసి, ఇంక ఒక్క దుప్పటి పిండినా నా దగ్గరికి రావద్దమ్మా అన్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడ నన్ను ఏదీ అడగలేదు. అడగలేదంటే, అడిగినా నేను వినే రకం కాదని తెలిసి అడగలేదు. ఆ రోజు అడిగింది. నాకు పిండే పని లేకుండా చెయ్యి, ఇంకేమీ వద్దు అంది. గోడౌన్ వాళ్ళు నన్ను ఇంటికి పంపించేస్తూ చేతిలో పెట్టిందంతా పెట్టి మిషన్ కొన్నాను.

తెచ్చినవాళ్ళు దాన్ని నట్టింట్లో గోడకి ఆనించి, రేపు పొద్దున ఫిట్టర్ వస్తాడు, అందాకా ముట్టుకోకండి అని చెప్పి పోయారు. ముట్టుకోవద్దట. నా ఇంట్లో, నా మిషన్ని. మా ఆవిడ కూడా ఒక్క పూటే కదా ఆగరాదా అంది. నేను ఆగితే నేనెందుకవుతాను?

అట్టపెట్టెలో ఒక కాగితం ఉంది. విప్పి చూస్తే అన్నీ బొమ్మలే, మందుకైనా ఒక్క అక్షరం లేదు. నా రాత చూడండి. యాభై ఒకటో ఏట, పగలంతా పెట్టెలు మోసి, చీకటి పడ్డాక మాస్టారి ముందు పలక పట్టుకుని కూర్చుని, మూడేళ్ళు కుస్తీపట్టి అక్షరాలు నేర్చుకున్నాను. తీరా నేను నేర్చుకున్నాక లోకం అక్షరాలు మానేసింది.

"నేను మానెయ్యమనలేదు," అన్నారు మాస్టారు.

మిమ్మల్ని ఎవరన్నారు మాస్టారూ. అయినా బొమ్మలంటే నాకు లెక్కా? ముప్పై నాలుగేళ్ళు గోడౌన్లో పెట్టెలు మోశాను. అక్షరం రాకముందే నాకు బొమ్మలొచ్చు. పెట్టె మీద గ్లాసు బొమ్మ ఉంటే పగిలే సరుకు. గొడుగు ఉంటే తడపకూడదు. రెండు బాణాలుంటే అవి పైకి ఉండాలి. కొక్కెం బొమ్మ మీద ఇంటూ గుర్తు ఉంటే దానికి కొక్కెం వెయ్యకూడదు. ఏ దేశం పెట్టె వచ్చినా ఇంటూ అంటే జోలికి పోకు అనే.

ఇక మిషన్ కాగితంలో మొట్టమొదటి బొమ్మ ఏమిటో తెలుసా? మిషన్ వీపు. వీపున నాలుగు బోల్టులు. వాటి మీద ఇంత పెద్ద ఇంటూ. అంటే ఏమిటి? బోల్టుల జోలికి పోకు. చదివేశాను. పోలేదు.

"పక్కన ఇంకో బొమ్మ ఉండాలే," అన్నారు మాస్టారు.

ఉంది. మొదటిదానితోనే సంగతి బోధపడ్డాక రెండోది దేనికి? కాగితం మడిచి గూట్లో పెట్టాను.

టీ కాచే అమ్మాయి గ్లాసు కడుగుతూ ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కడగసాగింది.

తర్వాత మిషన్ మొహం చదివాను. నడిమధ్య గుండ్రటి నాబ్, దాని చుట్టూ గడియారంలో అంకెల్లా బొమ్మలు. తొట్టిలో నీళ్ళు. తొట్టిలో చెయ్యి. దారపుండ. ఈక. మంచుపువ్వు. గడియారం, పక్కన బాణం. ఓ మూల పిల్లాడి మొహం, దానికో తాళం. మా ఇంట్లో పిల్లలు లేరు కాబట్టి తాళంతో మనకి పని లేదు. దారపుండ దర్జీలది. తొట్టిలో చెయ్యి అంటే, మిషన్ కొత్తది కదా బెదురుతుంది, మీద చెయ్యి వేసి ధైర్యం చెప్పు అని. వేశాను. ఇక కింద అంకెలు. నాలుగు వందలు, ఎనిమిది వందలు, పన్నెండు వందలు. పెట్టె మీద అంకె ఉంటే బరువు, అది మా గోడౌన్లో పిల్లికి కూడా తెలుసు. లోపల వేసినవి డబల్ దుప్పట్లు రెండు. తడిస్తే ఎంత తూగుతాయో మోసిన భుజానికి తెలుసు. పన్నెండు వందల మీద పెట్టాను.

"అది తిరిగే వేగం మావా," అన్నాడు దర్జీ.

మోసేవాడికి వేగమూ బరువే దర్జీ. నువ్వు కూర్చుని కుట్టేవాడివి, నీకు తెలీదు.

పైపు తగిలించాను, ప్లగ్గు పెట్టాను, నొక్కాను. అరగంట సేపు ఆవు నెమరేసినట్టు మెత్తగా నమిలింది. మా ఆవిడ గాజు తలుపు ముందు పీట వేసుకుని కూర్చుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. చేతులు ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూర్చోగా ఆవిడని నేను చూడడం అదే మొదలు.

అప్పుడు పిండడం మొదలైంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిషన్ ఒక అడుగు ముందుకేసింది.

ఒక అడుగు, ఇంకో అడుగు. గూట్లో గిన్నెలు దబదబా పడుతున్నాయి. మా ఆవిడ ప్లగ్గు పీకు, ప్లగ్గు పీకు అంటోంది. బెదిరిన గొడ్డుని లొంగదీయాలంటే మీదెక్కి కూర్చోవాలి గాని తోక పీకుతామా? ఎక్కి కూర్చున్నాను. అది నన్ను మోసుకుంటూనే గుమ్మం దాటింది. ముప్పై నాలుగేళ్ళు నేను పెట్టెల్ని మోశాను, ఆ రోజు పెట్టె నన్ను మోసింది. పదకొండు మెట్లు టకటకా దిగి వీధిలో పడ్డాం.

"మీ ఇంట్లోంచి వీధి దాకా వైరు వస్తుందా?" అన్నాడు దర్జీ.

మంచి ప్రశ్న. మూడో మెట్టు మీదే ఊడిపోయింది. అయితే మాత్రం? పరుగు మీదున్న ఎద్దుకి తాడు తెగితే ఆగుతుందా, ఇంకా లంకించుకుంటుంది. పైగా వాన, ఉరుములు, మెరుపులు. ఒక మెరుపు వచ్చి వచ్చి సరిగ్గా ఆ ప్లగ్గు మూడు కాళ్ళకే తగులుకుంది. ఇక చూస్కో. నీళ్ళెక్కడివని మాత్రం అడక్కు, నోరు తెరిస్తే నీళ్ళే. వీధి పొడుగునా దండేల మీద జనం మర్చిపోయిన బట్టలు తడుస్తున్నాయి. వాటిని లాక్కోవడం, ఉతకడం, పిండడం, మడతపెట్టి ఎవరివి వాళ్ళ గుమ్మంలో పడెయ్యడం. కూడలిలో పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన మీంచే పోయాం. వెనక్కి తిరిగి చూస్తే ఒంటి మీద యూనిఫారం ఇస్త్రీతో సహా మెరిసిపోతోంది. పాపం, సెల్యూట్ కొట్టాడు.

అక్కణ్ణుంచి లాడ్జీ. మా ఆవిడ పనిచేసిన లాడ్జీయే. మూడంతస్తుల కిటికీల్లోంచీ దుప్పట్లు పాముల్లా జారుకుంటూ వచ్చి మిషన్ నోట్లో పడ్డాయి. ఆవిడ ఇరవై ఎనిమిదేళ్ళు ఉతికినన్నీ మేం రెండు నిమిషాల్లో ఉతికేశాం. మేనేజరు బయటికి వచ్చి, ఆమెని ఒక్కసారి పిలిపించండి, చేతులకి దండం పెట్టుకుంటాను అన్నాడు. ఇప్పుడు తీరిక లేదన్నాను.

అప్పటికి నాకు అసలు కీలకం బోధపడింది. ఆ బొమ్మలు బట్టలకి కాదు, దారికి. దారపుండ మీదకి తిప్పితే మలుపు తిరుగుతుంది. తొట్టి మీదకి తిప్పితే నెమ్మదిస్తుంది. అలా పోతుంటే ఏరు అడ్డమొచ్చింది. పొంగి పొర్లుతోంది, వంతెన ఎప్పుడో కొట్టుకుపోయింది. మామూలువాడైతే గట్టున కూర్చుని ఏడుస్తాడు. నేను మంచుపువ్వు మీదకి తిప్పాను. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఏరు గడ్డకట్టుకుపోయింది. చేపలు అద్దాల బీరువాలో బొమ్మల్లా నోళ్ళు తెరుచుకుని నన్నే చూస్తున్నాయి. జర్రున జారి దాటేశాం. అవతల కొండ. ఈక మీదకి తిప్పాను. మిషన్ లేచింది. మబ్బుల్లోకి పోయాం. దగ్గరికెళ్ళి చూస్తే మబ్బులు మహా మురికిగా ఉన్నాయి, వానాకాలం కదా. చేతికందినవి నాలుగు లోపల వేశాను. మర్నాడు ఆకాశం అంత తెల్లగా ఎందుకుందో మీలో ఒక్కరైనా అడిగారా?

"మర్నాడు కూడా ముసురే. నాకు బాగా గుర్తు," అన్నారు మాస్టారు.

అవి వేరే మబ్బులు మాస్టారూ. వాటిని నేను ఉతకలేదు.

మాస్టారు నవ్వు ఆపుకుంటూ, మరి కిందికి దిగడం ఎలాగ పెద్దాయనా అని అడిగారు. మాస్టారే అడిగారంటే కథ పాకాన పడ్డట్టే.

అదే చెప్పబోతున్నాను. ఇంక ఒక్క బొమ్మ మిగిలింది. గడియారం, పక్కన బాణం. తిప్పాను. లోకమంతా వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. వాన కిందనుంచి పైకి పోతోంది. చేపలు కరిగాయి. దుప్పట్లు లాడ్జీ కిటికీల్లోకి దూరాయి. మడతపెట్టిన బట్టలు లేచి దండేలెక్కాయి, పోలీసు యూనిఫారం మళ్ళీ మాసింది. పదకొండు మెట్లూ వెనక్కెక్కి మా గుమ్మంలో ఆగాం. ఎప్పటికి వచ్చామనుకున్నారు? బయల్దేరకముందుకి. మా ఆవిడ ఇంకా పీట వెయ్యలేదు. నట్టింట్లో ఎవడో గొంతుక్కూర్చుని కాగితం చూసుకుంటున్నాడు. ఎవడా అని చూద్దును కదా, నేనే.

దర్జీ గ్లాసు కింద పెట్టేశాడు. "నువ్వేనా?"

నేనే. ఇదే చొక్కా.

"ఏమన్నావు వాడితో?"

ఏమంటాను. మొహం చూస్తేనే తెలుస్తోంది, వాడు ఒకరు చెబితే వినే రకం కాదు.

ఇక్కడికి వచ్చేసరికి అందరూ నవ్వుతారు, ఎవరో ఒకరు నాకు రెండో టీ చెబుతారు. ఆ రోజూ దర్జీ ఒళ్ళు మర్చిపోయి నవ్వాడు. మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు. టీ కాచే అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఆమె నన్ను బాబాయ్ అంటుంది, మా ఆవిణ్ణి పిన్ని అంటుంది. మసిగుడ్డ తీసి చేతులు తుడుచుకుంది. గుడ్డ తీసిన చోట బోల్టు బోడిగా కనబడింది.

"పోనీ బాబాయ్, వాడు రెండో బొమ్మ చూడకుండా కాగితం మడుస్తుంటే చెయ్యన్నా పట్టుకోవాల్సింది," అంది. "ఈ నాలుగు బోల్టులూ విప్పాకే మిషన్ తిప్పాలని అందులోనే ఉందట కదా. ఇవి నాకిచ్చినప్పుడు పిన్ని చెప్పింది."

దర్జీ నవ్వడం మానేసి గోడకేసి చూశాడు. మాస్టారు లేచి వెళ్ళి ఒక బోల్టు పట్టుకుని చూశారు. బండి మీద తెచ్చేటప్పుడు లోపలి డ్రమ్ము ఊగకుండా బిగించి పంపుతారు వీటిని అన్నారు. మొదటి బొమ్మలో ఇంటూ అంటే బోల్టులుండగా నడపొద్దని, రెండో బొమ్మలో విప్పిన బోల్టులూ టిక్కు గుర్తూ ఉండి ఉంటాయి, అవునా అని అడిగారు. అవునన్నాను.

"ముప్పై నాలుగేళ్ళు సరుకు కదలకుండా తాళ్ళు బిగించినవాడివి," అన్నారు. "దించాక తాడు విప్పాలని నీకు నేను చెప్పాలా పెద్దాయనా?"

ఇంతకీ మిషన్ ఎంత దూరం నడిచింది అన్నాడు దర్జీ. నన్ను కాదు, అమ్మాయిని.

"గోడ దగ్గర్నుంచి వంటింటి గుమ్మం దాకా. నాలుగడుగులు. పైన బాబాయి."

"అయిదు," అన్నాను.

మర్నాడు ఫిట్టర్ వచ్చాడు. పానాతో నాలుగు బోల్టులూ విప్పి మా ఆవిడ చేతిలో పెట్టాడు. డ్రమ్ము చీలిపోయింది, కాగితంలో చెప్పినట్టు చెయ్యలేదు కాబట్టి కంపెనీకి పూచీ లేదు అన్నాడు. మిషన్ పాత ఇనుములోకి పోయింది. మళ్ళీ కొనలేకపోయాం. అప్పటినుంచీ మా ఇంట్లో దుప్పట్లు ఉతికేదీ పిండేదీ నేనే. మా ఆవిడ పీట వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తుంది. ఇప్పటికి ఏడేళ్ళు.