నిలబడ్డ చోటి నుంచి

"గువ్వా! ఏయ్ గువ్వా! ఆగాగు, గేటుకి గుద్దేస్తావ్! హమ్మయ్య. దిగు, ఇటు రా. ఏమిటా బయల్దేరడం, బురదలో బండి తోసినట్టు? నిన్న కొన్న సైకిలు, దానికి అన్నేసి గేర్లు, అందులోకెల్లా బరువైన గేరు వేసుకుని బయల్దేరుతుందట ఈవిడ! స్పీడుగా పోతుందనా? పోతుంది, కదిలాక పోతుంది. ముందు కదలాలిగా తల్లీ. మీ నాయనమ్మ చూసుంటే నవ్వి నవ్వి కూలబడేది. కూర్చో, చెప్తాను. ఆ కుర్చీ నాకివ్వు, నువ్వు మెట్టు మీద కూర్చో. నా మోకాళ్ళు మెట్ల మాట వినడం మానేశాయి.

మీ నాయనమ్మ ఉందే, నిలబడ్డ చోటి నుంచి తను సైకిలు లేపితే చూడాలి. లేపితే అనే అంటాను నేను, తొక్కితే అనను. ఎడం కాలు నేల మీద, కుడి కాలు పెడలు మీద. ఆ పెడలు ఎక్కడుండాలి? ఆఁ, అడుగునుంటే ఏం లాభం! పైకొచ్చి, కాస్త ముందుకి ఒరిగి ఉండాలి. సీటు మీద కూర్చునేదే కాదు. హ్యాండిలు తన వైపుకి లాక్కుంటూ, ఒంట్లో బరువంతా ఆ ఒక్క కాలి మీద వేసేది. అంతే, దుమ్ము ఇంకా లేవనే లేదు, అక్కడ మనిషి లేదు!

నేనప్పుడు మా మావయ్య సైకిల్ షాపులో పని. ఆయన ఒక పంచరు వేసేలోపు లోకాన్నంతా ఒకసారి తిట్టేసేవాడు, ఆయన సంగతి వేరే పూట చెప్పుకోవాలి. ఏమంటున్నాను? ఆఁ, టెలిగ్రాం ఆఫీసులో టెలిగ్రాములు పంచే ఉద్యోగం ఒకటి ఖాళీ పడింది. దానికి పోటీ అన్నారు, సైకిలు పోటీ. నేనూ పేరిచ్చాను. ఆ వారమే ఒకమ్మాయి షాపుకొచ్చింది. పోయిన వాళ్ళ నాన్న సైకిలట, తుడిచి తళతళలాడిస్తూ తెచ్చింది. 'మేస్త్రీ గారూ, వెనక చక్రానికున్న ఈ పళ్ళచక్రం తీసేసి ఇంతకంటే పెద్దది వెయ్యండి' అంది. నేను నవ్వాను. 'అమ్మాయ్, పళ్ళు ఎక్కువైతే కాలికి తేలిగ్గా ఉంటుంది గానీ స్పీడు రాదు. కాళ్ళు గిరగిరా తిరుగుతాయి, బండి పోదు' అన్నాను. 'నేను దూరం పోనండీ. తొందరగా బయల్దేరితే చాలు' అంది. అడిగిందే వేశాను. ఈ చేతుల్తోనే బిగించాను, చూశావా! బిగించి, నా సైకిలుకేమో షాపులోకెల్లా చిన్న పళ్ళచక్రం పెట్టుకున్నాను, గాలిలా పోదామని.

పోటీ రోజున పోస్టుమాస్టరు గారు మెట్టు మీద నిలబడ్డారు. ఆయన గొంతు ముక్కులోంచి వచ్చేది. 'ఇక్కణ్ణుంచి ఆ మూలనున్న దీపస్తంభం దాకా. ముందు ముట్టుకున్న వాళ్ళదే ఉద్యోగం.' ఎంత దూరమనుకున్నావ్? మన గేటు నుంచి అదిగో ఆ మందుల షాపంత! నా చిన్న పళ్ళచక్రం ఊపందుకునేలోపే అయిపోయే దూరం. 'ఇదేం పరీక్షండీ' అని ఎవరో గొణిగారు. 'ఇంటింటికీ ఆగడం, మళ్ళీ బయల్దేరడం. అదే నాయనా ఈ పని. నువ్వు ఊళ్ళు దాటక్కర్లేదు' అన్నారాయన. అప్పుడు ఆ పిల్ల వైపు చూశాను. తను నన్ను చూళ్ళేదు, స్తంభాన్నే చూస్తోంది. తండ్రి లేడు, వెనక ఇద్దరు చెల్లెళ్ళు. ఆ ఉద్యోగం వస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. ఈల వేశారు. నేను పెడలు మీద లేచి నిలబడ్డాను, గొలుసు కిర్రుమంది, బండి కదిలితేనా? గోడని తోస్తున్నట్టుంది. నా పెడలు ఒక్క చుట్టు తిరిగేసరికి తనెక్కడో ఉంది. సగం దాటాక నా బండి ఊపందుకుంది చూడూ, అప్పుడొచ్చింది స్పీడు! తరుముకొచ్చాను. జానెడు దూరం, బెత్తెడు దూరం... ఠంగుమని స్తంభం మీద తన అరచెయ్యి!

మర్నాటి నుంచి మొదలెట్టారు జనం. 'సైకిల్ షాపువాడు ఓడటమేమిటి? ఆడపిల్ల కదా అని కావాలనే పోటీ వదిలేశాడు' అని. మా మావయ్య మరీను, 'మావాడిది జాలిగుండె లెండి' అంటూ వచ్చినవాడికల్లా చెప్పడం. ఆ మాట తన చెవిన పడింది. టెలిగ్రాముల సంచీతో సర్రుమని వచ్చి షాపు ముందాగింది. 'ఏవండీ, నా మీద జాలి పడ్డారా?' కళ్ళు నిప్పులు. నేను రోడ్డు మధ్యకొచ్చి, మావయ్యతో సహా వీధంతా వినేలా అరిచాను. 'వదల్లేదు! ప్రాణం పెట్టి తొక్కాను! ఓడిపోయాను!' తను పెడలు పైకి తిప్పుకుంది, ఒక్క ఊపులో మాయం. చేతిలో పంపు ఎక్కడ పెట్టానో ఆ పూటంతా వెతుక్కున్నాను. పెళ్ళి సంగతి నీకు తెలిసిందే. ఊళ్ళో తను ఆగని గుమ్మం లేదు. ఎక్కడ ఆగినా, మళ్ళీ బయల్దేరుతుంటే పిల్లలు కిటికీలెక్కి చూసేవాళ్ళు. మా ఆవిడ అని చెప్పుకుంటుంటే నాకు చొక్కా బిగుతయ్యేది.

ఒక్కటే బాధ. కోపమొచ్చినా అదే ప్రశ్న, ముద్దొచ్చినా అదే ప్రశ్న. 'నిజం చెప్పండి, ఆ రోజు వదిలేశారు కదూ?' 'లేదే బాబూ, ఓడిపోయాను.' మీ నాన్న పుట్టినప్పుడు ఆస్పత్రి మంచం మీద కూడా అడిగింది. నాకు మనసు చివుక్కుమనేది. ఇంత కాపురం చేసీ నమ్మదేమిటి, తన గెలుపు తనది కాదనుకుంటోందా అని. చివర్లో మంచాన పడ్డాక, ఓ మధ్యాహ్నం మళ్ళీ అడిగింది. 'నీ మీద ఒట్టు, ఓడిపోయాను. నమ్మవే' అన్నాను. తను నవ్వింది. 'నాకు మొదట్నుంచీ తెలుసండీ. వెనకాల మీ రొప్పు వినపడుతూనే ఉందిగా. అంతలా రొప్పే మనిషి వదిలేస్తాడా?' 'మరెందుకే ఇన్నేళ్ళూ అడిగావు?' 'మీ నోట మళ్ళీ మళ్ళీ వినాలని.' తర్వాత, ఎవరైనా వింటారేమోనన్నట్టు తలుపు వైపు చూసి, నెమ్మదిగా అంది. 'ఇంకోటి చెప్పనా? నాకక్కడికే కాళ్ళలో సత్తువ అయిపోయింది. ఇంకో నాలుగిళ్ళ దూరముంటే మీరు దాటేసేవారు. నాకా ఉద్యోగం ఎంత అవసరమో నాకే తెలుసు. అయినా, ఆ స్తంభం ఇంకాస్త దూరంలో ఉంటే బాగుండుననిపించిందండీ... మీరు ఒక్క క్షణం నా పక్కకొచ్చేదాకా.'"